పెట్టెకి నప్పని ఫ్లాష్

బందరులో నా స్టూడియో బోర్డు మీద "అన్నిరకముల ఫోటోలు తీయబడును" అని రాయించాను. నా ఉద్దేశంలో అన్నిరకాలూ అంటే మూడే రకాలు. దరఖాస్తులకి అంటించే చిన్న ఫోటో, పెళ్ళిలో పెద్ద గ్రూపు, ఎవరైనా పోతే శవాన్ని కుర్చీలో కూచోబెట్టి చుట్టూ బంధువులు నిలబడే గ్రూపు. ఈ మూడింటిలో చివరిదే నాకు బాగా వచ్చేది. అందులో ముఖ్యమైన మనిషి కదలడు కాబట్టి. "అన్నిరకముల" అని పెద్ద అక్షరాల్లో వేస్తే బోర్డు నిండుగా ఉంటుందని పెయింటరు అన్నాడు, నేను సరేనన్నాను.

మా పెద్దమ్మ ఆ బోర్డుని నమ్మింది.

ఆవిడ మా అమ్మకి అక్క. దివిసీమలో కోడూరు పక్క ఊళ్ళో ఉండేది. చూపు మసకేస్తోందని ఆసుపత్రిలో చూపించుకోడానికి బందరు వచ్చి మా ఇంట్లో దిగింది. కొత్త కళ్ళజోడు పెట్టుకున్న రోజున స్టూడియోకి వచ్చి, ఫోటో దిగేవాళ్ళు కూచునే కుర్చీలో కూచుంది. బైబిలు చదువుకోడానికని పెద్దయ్యాక అక్షరాలు దిద్దిన మనిషి ఆవిడ. కంటికి కనపడ్డ ప్రతి రాతనీ పైకి చదివేది. గుమ్మంలోంచి బోర్డు కూడా కూడబలుక్కుని చదివి, "అన్నిరకాలూ అంటే ఏవేంటిరా?" అని అడిగింది.

"ఏదైనా సరే పెద్దమ్మా. నువ్వు అడగడమే ఆలస్యం," అన్నాను.

"నీళ్ళ కింద తీస్తావా?"

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

మావి పల్లెల నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబాలు. మా సంఘంలో తల మీద నాలుగు చుక్కలు చల్లితే బాప్తిస్మం అయినట్టు కాదు. కాలవలోకి దిగాలి. పాస్టరుగారు మెడ కింద చెయ్యి వేసి మనిషిని వెల్లకిలా పూర్తిగా ముంచి లేపాలి. అలా మునిగి లేచినవాళ్ళే ప్రభు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకోవాలి. మునగనివాళ్ళు వెనక చాప మీద కూచుని చూస్తూ ఉండాలి. ఆ వెనక చాప మీద చిన్నపిల్లలూ, మందిరానికి కొత్తగా వచ్చినవాళ్ళూ, మా పెద్దమ్మా ఉండేవాళ్ళు. ఆవిడకి నోటికి వచ్చినన్ని వాక్యాలు పాస్టరుగారికి కూడా రావని ఊళ్ళో చెప్పుకునేవాళ్ళు. ఆరాధనలో పాట ఎత్తుకునేది ఆవిడే. బల్ల వేళకి మాత్రం రొట్టె పళ్ళెం ఆవిడ దాకా రాకుండా వెనక్కి తిరిగి వెళ్ళిపోయేది.

నా చిన్నప్పుడు మా పెదనాన్న వరద రోజుల్లో కృష్ణ పాయ దాటుతుంటే పడవ తిరగబడింది. మిగతావాళ్ళందరూ ఒడ్డుకి చేరారు. ఆయన చేరలేదు. శవం కూడా దొరకలేదు. అప్పటినుంచి పెద్దమ్మ పాదం తడిసేంత నీళ్ళలోకి కూడా దిగలేదు. ఏటా బాప్తిస్మాల ముందు పాస్టరుగారు అడిగేవారు, ఏటా ఆవిడ "వచ్చే ఏడు చూద్దామండీ" అనేది. నీళ్ళంటే భయం అనుకున్నారు అందరూ. నేనూ అలాగే అనుకున్నాను. ఆ రోజు స్టూడియో కుర్చీలో కూచుని కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుని అసలు సంగతి చెప్పింది.

"ఆయన ఆ నీళ్ళలోనే ఎక్కడో ఉన్నాడురా. ఏ నీళ్ళయితే ఏం, కాలవా ఏరూ అన్నీ ఒకటేగా. నేను దిగితే నా కాలు ఆయన మీద పడుతుందేమోనని నా బాధ. కింద ఏముందో ఒక్కసారి కళ్ళతో చూస్తే దిగుతాను. నాకూ బల్లలో పాలుపొందాలని ఉందిరా. ఇంకెన్నాళ్ళుంటాను?"

ఇంత మాట విన్నాక బుద్ధి ఉన్నవాడెవడైనా ఆవిడ చెయ్యి పట్టుకుని ఊరుకుంటాడు. నేను "ఓస్, అంతేనా!" అన్నాను.

నా ధైర్యానికి ఆధారం ఒక బొమ్మ. బందరు రీడింగు రూములో ఏదో ఇంగ్లీషు పత్రికలో చూశాను. రబ్బరు తొడుగు వేసుకున్న తెల్లదొర ఒకడు సముద్రం అడుగున కెమెరా పట్టుకుని ఉన్నాడు. కెమెరా ఒక లోహపు పెట్టెలో ఉంది. పెట్టెకి పక్కగా పొడుగాటి చెయ్యి, ఆ చెయ్యి చివర గిన్నెలాంటి ఫ్లాష్. నీటి అడుగు ఫోటోగ్రఫీలో నా చదువంతా ఆ ఒక్క బొమ్మే. బొమ్మ కింద రాసిన ఇంగ్లీషు కూడా చదవలేదు. బొమ్మ చూస్తేనే అంతా అర్థమైపోయిందనిపించింది.

గడువు కూడా ఉంది. మా వైపు కోతలయ్యాక కాలవ నీళ్ళు తేటపడతాయి. వేసవి రాగానే కాలవ కట్టేస్తారు. మళ్ళీ వదిలినప్పుడు వచ్చేవి ఎర్రనీళ్ళు. అందుకని బాప్తిస్మాలు కాలవ కట్టేసే ముందే పెట్టుకునేవాళ్ళు. ఆ ఏడాది ఆదివారం కూడా అప్పటికే నిర్ణయమైపోయింది. పెద్దమ్మ బస్సెక్కుతూ, "తొందరేం లేదులే, కాలవ కట్టేసేలోపు తీస్తే చాలు," అంది. నా మీద ఆవిడకి అంత నమ్మకం.

నా కెమెరా రెండు కళ్ళ జర్మనీ కెమెరా, ముందు ఒకదాని మీద ఒకటి రెండు లెన్సులు. దానికి పెట్టె చేయించడానికి కోనేరు సెంటరు దగ్గర పెట్రోమాక్సు లైట్లు బాగుచేసే సాయిబుగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన నన్ను బావగారూ అనేవాడు, నేనూ ఆయన్ని అలాగే అనేవాణ్ణి. పెళ్ళిళ్ళకి ఆయన లైట్లూ నా కెమెరా కలిసే వెళ్ళేవి, అదీ మా చుట్టరికం. నా కోరిక విని ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"ఎంతసేపు బావగారూ! నేను చేసిన పెట్టెలో చుక్క నీరు దిగితే ఈ కొట్టు మూసేసి మీ దగ్గర ఫోటోలు కడుగుతా," అన్నాడు.

మా ఇద్దరిలో ఒక్కడికైనా అనుమానం అనే గుణం ఉండి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది. ఆయన కెమెరాని నాలుగువైపులా కొలిచి, ఒక్క వేలు కూడా దూరనంత బిగువుగా ఇత్తడి రేకుతో పెట్టె చేశాడు. ముందు అద్దం, వెనక తలుపు, తలుపు చుట్టూ సైకిలు ట్యూబు రబ్బరు, బిగించడానికి చెవుల మరలు. షట్టర్ నొక్కడానికి సైకిలు బ్రేకు తీగ ఒకటి పెట్టె పైనుంచి లోపలికి. దాని రంధ్రం చుట్టూ పడవలకి పూసే తారు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. నేను కొట్టు ముందు నిలబడి దాన్ని అటూ ఇటూ తిప్పి వచ్చేపోయేవాళ్ళకి చూపించాను.

ఫ్లాష్ సంగతి ఆ తరవాత గుర్తొచ్చింది. నా స్టూడియోలో పగటి వెలుతురే నా ఫ్లాష్. పెళ్ళిళ్ళకి సాయిబుగారి పెట్రోమాక్సులుండేవి. నీళ్ళ కింద వాటిని వెలిగించడం సాయిబుగారి వల్ల కూడా కాదు. కెమెరాకి పెట్టె బిగువుగా చేయించేసుకుని, దానికి తగిలించాల్సిన ఫ్లాష్ కోసం అప్పుడు వెతకడానికి బయలుదేరాను. కాలు కొలవకుండా చెప్పులు కుట్టించుకున్నవాడి తెలివి నాది.

గుడివాడలో నాతోపాటు పని నేర్చుకున్న స్నేహితుడు ఒకడు పెళ్ళి ఫోటోలు తీసేవాడు. అతని దగ్గర ఫ్లాష్ ఉందని తెలుసు. రైలెక్కి వెళ్ళాను. పాత ఫ్లాష్ ఒకటి, అట్టపెట్టెలో కొన్ని బల్బులు ఇచ్చాడు. ఇప్పటివాళ్ళకి చెప్పాలి: అప్పటి ఫ్లాష్ బల్బు నిమ్మకాయంత ఉండేది. ఒక్కసారే భగ్గుమని వెలిగి మసిబారిపోయేది. తరవాత దాన్ని పారేసి ఇంకోటి పెట్టుకోవాలి.

"ఇది నా కెమెరాకి పడుతుందా?" అని అడిగాను.

"అన్నిటికీ పడుతుంది బావా. ఫ్లాష్ అంటే ఫ్లాషే," అన్నాడు.

పడలేదు. బందరు వచ్చి చూస్తే ఫ్లాష్ తీగ చివరి ప్లగ్గు లావుగా ఉంది, నా కెమెరా సాకెట్టు సన్నగా ఉంది. నేను కాసేపు ప్లగ్గుని బతిమాలాను, కాసేపు తిట్టాను, చివరికి సుత్తి వైపు చూశాను. మా ఆవిడ సుత్తి తీసి దాచేసింది. మళ్ళీ గుడివాడ వెళ్ళాను. అక్కడ ఒక రేడియో షాపు ఆయన ఒక చివర లావు సాకెట్టూ ఇంకో చివర సన్న ప్లగ్గూ ఉన్న ముక్క ఒకటి తయారుచేసి ఇచ్చాడు. రైల్లో దాన్ని జేబులోంచి తీసి చూసుకుంటూ, లోపల పెట్టుకుంటూ, మళ్ళీ తీసి చూసుకుంటూ వచ్చాను. కష్టాలన్నీ గట్టెక్కినట్టే అనుకున్నాను.

ఆ ముక్క కెమెరాకి సరిపోయింది. ఫ్లాష్‌కీ సరిపోయింది. పెట్టెకి సరిపోలేదు. చూపుడు వేలంత పొడుగున కెమెరా పక్కనుంచి బయటికి పొడుచుకొచ్చింది. సాయిబుగారు ఒక్క వేలు కూడా దూరకుండా చేసిన పెట్టెలో సరిగ్గా ఒక్క వేలికి చోటు కావలసి వచ్చింది. ఆయన పెట్టె పక్కన కోసి, అక్కడ చిన్న ఇత్తడి గిన్నె బోర్లించి అతికాడు. ముచ్చటైన పెట్టెకి చెంప వాచినట్టయింది. ఆ గిన్నెకి చిల్లుపెట్టి తీగ బయటికి తీశాడు, చిల్లు చుట్టూ తారు పూశాడు.

ఇక ఫ్లాష్ నిలబెట్టడానికి చెయ్యి కావాలి. పత్రికలో దొర ఫ్లాష్ పొడుగాటి చేతి చివర, కెమెరాకి బాగా ఎడంగా ఉంది. అంత పొడుగెందుకని సాయిబుగారు అడిగాడు. రేకు కూడా అయిపోవచ్చింది.

"అది వాళ్ళ షోకు బావగారూ. దొరలకి అన్నీ పొడుగే," అన్నాను.

ఆయన జానెడు పట్టీతో ఫ్లాష్‌ని పెట్టె నెత్తి మీదే కూచోబెట్టేశాడు. ఆ పొడుగు షోకు కాదని నాకు తెలియడానికి ఇంకా టైము పట్టింది.

మొదటి పరీక్ష మా పెరట్లో నీళ్ళ గోళెంలో. పెట్టె మునగలేదు. లోపలంతా గాలి కదా, బాతులాగా హాయిగా తేలుతూ మా ఆవిడ వైపు తిరిగి నిలబడింది. నేను నొక్కితే మునిగేది, వదిలితే ఎగిరి మొహానికి తగిలేది. దానికి రాళ్ళు కట్టాం. ఒక వీశె రాయితో ఆగలేదు, రెండో రాయి, మూడో రాయి కట్టాక బుద్ధిగా దిగింది. అప్పుడు దాన్ని ఎత్తడం నా తరం కాలేదు.

ఫ్లాష్ వెలిగింది, అది మాత్రం నిజం. నీళ్ళన్నీ ఒక్కసారి పగటిపూటలా అయిపోయాయి. మా ఆవిడ కెవ్వుమంది. గోడవతల ఇంటివాళ్ళు ఏమైందండీ అని అరిచారు. ఫిల్ము కడిగి చూస్తే నల్లగా ఉంది. బల్బు పూర్తిగా వెలగడానికి కాస్త సమయం తీసుకునేది, నా కెమెరా అంతకు ముందే కన్ను తెరిచి మూసేసేది. ఒకరికోసం ఒకరు ఆగడం ఈ రెంటికీ తెలియదు. వేరు వేరు ఊళ్ళనుంచి తెచ్చిన సంబంధం కదా. కన్ను ఎక్కువసేపు తెరిచి ఉండేలా కెమెరాని మార్చి మళ్ళీ తీశాను. ఈసారి బొమ్మ వచ్చింది. గోళెం అడుగున ఎప్పుడో పడిపోయిన చెంచా.

ఆ చెంచా ఫోటో నేను బందరులో చూపించని మనిషి లేడు. నీళ్ళ కింద తీసిన ఫోటో అని చెప్పి, వాళ్ళు ఆశ్చర్యపోయేదాకా అక్కణ్ణుంచి కదిలేవాణ్ణి కాదు. ఒక పెద్దమనిషి చాలాసేపు చూసి, "చెంచా మంచిదండీ, గట్టిగా ఉన్నట్టుంది," అన్నాడు. సాయిబుగారు ఒక ప్రతి తీసుకుని కొట్లో వేలాడదీశాడు.

ఆదివారం దగ్గరపడుతుండగా పెట్టెని తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాను. కండక్టరు తువ్వాలు ఎత్తి చూసి, "ఏంటండీ ఇది, బాజాలా?" అని అడిగాడు. నేను కెమెరా అన్నాను. ఆయన నన్నూ దాన్నీ మార్చి మార్చి చూసి, పక్కసీటులో ఎవర్నీ కూచోనివ్వలేదు. పులిగడ్డ దాటి దివిసీమలోకి వచ్చేసరికి తొడలు తిమ్మిరెక్కి దిగడానికి ఇద్దరు సాయం పట్టాల్సి వచ్చింది.

మర్నాడు పొద్దున్నే కాలవ రేవుకి వెళ్ళాం. బాప్తిస్మాలు ఇచ్చే రేవు అదే. ఎవరికీ చెప్పొద్దని పెద్దమ్మకి గట్టిగా చెప్పాను. చెప్పలేదట. అయినా ఊరు ఊరంతా గట్టు మీద ఉంది. పాస్టరుగారు కూడా వచ్చి, "ప్రార్థన చేసి దిగు నాయనా," అన్నారు. నాకు ఈత రాదన్న సంగతి ఇక్కడ చెప్పాలి. ఆ సంగతి నాకు కూడా అప్పుడే గుర్తొచ్చింది. గుండెల లోతేనని అందరూ ధైర్యం చెప్పారు.

పెద్దమ్మ గట్టు మీద అందరికంటే వెనక, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. ఆవిడ కాలవకి అంత దగ్గరగా రావడమే చాలా ఏళ్ళ తరవాత మొదటిసారని పక్కనావిడ అంది. అది విన్నాక గానీ నేను చేస్తున్నది ఆటలు కాదని నా బుర్రకి ఎక్కలేదు. పెట్టె తలుపు మరలు మళ్ళీ ఒకసారి బిగించాను.

దిగాను. రాళ్ళు కట్టిన పెట్టె నన్ను కూడా తనతోపాటు లాక్కుపోయింది. మొదటి బల్బు వెలగలేదు. రెండోది నేను మునగకముందే వెలిగి గట్టు మీదివాళ్ళందరి కళ్ళూ బైర్లు కమ్మించింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇంతలో ఎగువన ఎవరివో గేదెలు దిగాయి. తేటగా ఉన్న నీళ్ళు కాస్తా మజ్జిగలా అయ్యాయి. ఎవరో గేదెలవాణ్ణి కేకలేశారు, వాడు "పొద్దున్నే కాలవలో మీకేం పనండీ?" అని ఎదురు కేకలేశాడు. న్యాయమైన ప్రశ్న.

బల్బులు అయిపోవచ్చాయి. ఇంక ఆగితే లాభం లేదని ఊపిరి బిగబట్టి మునిగాను. కాళ్ళకింద బురద జారింది. ఫ్లాష్ బరువుకి పెట్టె ముందుకి వాలింది. అది ఎటు చూస్తోందో చూసుకోకుండా బ్రేకు తీగ లాగేశాను. కళ్ళముందు అంతా ఒక్కసారి తెల్లబడింది. అదే సమయంలో పెట్టె చెంప దగ్గర్నుంచి బుడబుడమని బుడగలు పైకి లేచాయి. లేచి చూసుకుంటే అద్దం వెనకాల సగం దాకా నీళ్ళు, ఆ నీళ్ళలో నా జర్మనీ కెమెరా రెండు కళ్ళూ తెరుచుకుని నావైపు చూస్తోంది.

ఆ రోజే బందరుకి పరిగెత్తాను. ఫిల్ము ఎలాగూ నీళ్ళలో కడిగేదే కాబట్టి బతికింది. కెమెరా బతకలేదు. దాన్ని విప్పి చాట మీద ముక్కలు ముక్కలుగా ఎండబెట్టాం, అప్పడాల పక్కన. సాయిబుగారు వచ్చి చాట వైపు చూసి, గోడకి ఆనుకుని కూచున్నాడు. కాసేపటికి, "ఫోటోలు కడగడానికి ఎప్పుడు రమ్మంటారు బావగారూ?" అన్నాడు. ఆ దిగుల్లో కూడా ఇద్దరం నవ్వాం.

నీళ్ళ కింద తీసింది ఒక్క ఫోటోనే వచ్చింది. అది చూడగానే దొర ఫ్లాష్‌ని అంత ఎడంగా ఎందుకు పెట్టుకున్నాడో అర్థమైంది. కెమెరా పక్కనుంచే వెలుతురు పడితే నీళ్ళలో తేలే ప్రతి మట్టి నలుసూ తిరిగి కెమెరా మొహానికే మెరుస్తుంది. ఫోటో నిండా తెల్ల చుక్కలే, నల్లగుడ్డ మీద నూకలు చల్లినట్టు. ఆ చుక్కల మధ్య కింది భాగంలో మాత్రం రెండు పాదాలు స్పష్టంగా ఉన్నాయి. వేళ్ళు విడదీసి బురదని గట్టిగా పట్టుకుని, అడ్డంగా, వంకరగా. నావే. ఇన్ని రైళ్ళూ బస్సులూ ఎక్కి, ఇన్ని రాళ్ళు మోసి, కెమెరా పోగొట్టుకుని నేను తీసిన ఫోటో నా కాళ్ళది. అసలు చూపించకూడదనుకున్నాను. కానీ ఆవిడ అడిగింది ఒక్కటే, నేను మాటిచ్చిందీ అదే. శనివారం సాయంత్రానికి పట్టుకెళ్ళాను.

పెద్దమ్మ వాకిట్లో వెలుతురుకి పట్టుకుని, కళ్ళజోడు సర్దుకుని చూసింది. నేను పక్కన నిలబడి, నలుసుల గురించీ గేదెల గురించీ ప్లగ్గు గురించీ ఏదేదో చెబుతూనే ఉన్నాను. ఆవిడ ఏదీ వినలేదు.

"ఈ కాళ్ళెవరివిరా?" అంది.

"నావే పెద్దమ్మా."

"నేల మీదే ఉన్నాయిగా."

"నేలే. బురద నేల."

వేలితో ఫోటో అంచు వెంట నెమ్మదిగా చూసుకుంటూ వచ్చింది, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు.

"ఇంకెవరివీ లేవా?"

"లేవు పెద్దమ్మా. నావే."

ఆవిడ ఫోటోని బైబిల్లో పెట్టి లోపలికి వెళ్ళి, కాసేపటికి తెల్లచీర మడత తీసుకుని బయటికి వచ్చింది. "రేపు నువ్వు నా పక్కన దిగు," అంది. ఎప్పుడైనా సరే ఫోటో తీయాలి అని చెప్పి గట్టు మీద ఉండిపోవడం నా అలవాటు. ఆ మాట చెప్పడానికి నా దగ్గర కెమెరా లేదు.

ఆదివారం పొద్దున తెల్లచీరలతో తెల్లపంచెలతో రేవు నిండింది. ఒక్కొక్కరే దిగుతున్నారు, మునుగుతున్నారు, గట్టు మీదివాళ్ళు పాట అందుకుంటున్నారు. పెద్దమ్మ వంతు వచ్చింది. ఒక చెయ్యి నాకిచ్చింది. మెట్టు మెట్టుకీ ఆగి, కాలు ముందుకి చాపి, నేలని తడిమి, అప్పుడు బరువు వేసింది. మోకాళ్ళ దాకా వచ్చాక నా చెయ్యి ఎముకలు విరిగేలా పట్టుకుంది. నడుము దాకా వచ్చాక పళ్ళు టకటకలాడాయి. పాస్టరుగారు తొందరపెట్టలేదు. నాకు ఏడుపొచ్చింది, నీళ్ళలో ఉన్నాను కాబట్టి మొహం కడుక్కున్నాను.

పాస్టరుగారు తండ్రి యొక్కయు, కుమారుని యొక్కయు, పరిశుద్ధాత్మ యొక్కయు నామంలో అని చెప్పి ఆవిణ్ణి ముంచి లేపారు. గట్టంతా ఒక్కసారి పాట అందుకుంది. ఆవిడ ముక్కులోంచీ నోట్లోంచీ నీళ్ళు కక్కుతూ, దగ్గుతూ, ఊపిరి పీల్చుకుని, పాస్టరుగారి చెయ్యి పట్టుకుంది.

"అయ్యగారూ, ఇంకొక్కసారి ముంచండి."

పాట ఆగిపోయింది. పాస్టరుగారు కంగారుపడ్డారు. "బాప్తిస్మం ఒక్కసారే అమ్మా. నీకు అయిపోయింది. రెండోసారి ఉండదు."

"బాప్తిస్మం అయిందిలెండి," అంది. "భయానికి కళ్ళు మూసేసుకున్నాను. చూడలేదు."

పాస్టరుగారికి ఏమీ అర్థం కాలేదని మొహం చూస్తేనే తెలుస్తోంది. నాకు అర్థమైంది. ఆయన ఆవిడవంకా నావంకా చూశారు. నా మొహంలో ఏం కనపడిందో, ఇంకేం అడగకుండా ఆవిడ చెయ్యి తెచ్చి నా చేతిలో పెట్టి రెండడుగులు వెనక్కి జరిగారు.

ఎవర్నైనా ముంచే అధికారం నాకు లేదు. ఈత కూడా రాదు. ఆవిడ మెడ కింద చెయ్యి వేశాను, తల నా మోచేతి మీద పెట్టుకుంది. కళ్ళు పెద్దవి చేసింది. నెమ్మదిగా దించాను. నీళ్ళు మొహం మీదికి వచ్చినా ఆవిడ కళ్ళు మూయలేదు. నీళ్ళ కింద నుంచి అటూ ఇటూ చూడ్డం నాకు పైనుంచి కనపడుతూనే ఉంది. ఈ పక్కకి చూసింది. ఆ పక్కకి చూసింది. లేపుదామంటే నా చెయ్యి నొక్కి ఆపింది. మళ్ళీ చూసింది. తరవాత తనే లేచింది.

జుట్టులోంచి నీళ్ళు కారుతుంటే నా భుజం పట్టుకుని నిలబడి, నాకు మాత్రమే వినపడేలా, "లేడురా," అంది.

ఆడవాళ్ళు దుప్పటి పట్టుకుని రేవు మెట్ల మీదికి దిగారు. పెద్దమ్మ నా చెయ్యి వదిలేసి, కాలు తడుముకోకుండా, తనంతట తను నీళ్ళలో నడుచుకుంటూ వాళ్ళ దగ్గరికి వెళ్ళింది.